పేర్ల అధ్యాయం

రెండో గీత కనబడగానే అశ్విని బాత్రూము గడియ తియ్యడం మరిచిపోయి తలుపు తోసింది. అది రాకపోతే ఇంకోసారి తోసింది. తర్వాత గుర్తొచ్చి తనలో తనే నవ్వుకుని, గడియ తీసి, తడి కాళ్లతోనే పెరటి గుమ్మం దాటి వీధి వసారాలోకి పరుగెత్తుకొచ్చింది.

వసారాలో ఆమె అత్త రత్నాలమ్మ గోనె మీద కాళ్లు చాపుకుని జీడిపప్పు పొట్టు తీస్తోంది. పలాస ఫ్యాక్టరీ ఆటో పొద్దున్నే దింపిపోయిన బస్తా ఆమె పక్కన గోడకి జేరబడి ఉంది. పలుకుని రెండు వేళ్ల మధ్య తిప్పి, చిన్న కత్తి మొనతో పొట్టు అంచు పట్టుకుని లాగితే ఎర్రటి పొర ఒక్క విసురున ఊడి వస్తుంది. విరక్కుండా వచ్చిన గుండు ఒక పళ్లెంలోకి, విరిగిన బద్ద ఇంకో పళ్లెంలోకి. ఏ పళ్లెం ఎటుందో ఆమె చూసుకోనక్కర్లేదు.

"అత్తా," అంది అశ్విని, చేతిలో పుల్ల ముందుకి చాపి. "రెండు గీతలొచ్చాయి."

రత్నాలమ్మకి ఆ పుల్లా తెలీదు, గీతలూ తెలీవు. కోడలి మొహం చూసి తెలుసుకుంది. కత్తి గోనె మీద పెట్టింది. చేతులు కొంగుకి తుడుచుకుంది. దగ్గరకి తీసుకుంటుందేమోనని అశ్విని కొంచెం వంగింది కూడా. ఆమె మాత్రం రెండు చేతులూ జోడించి, చూరు వైపు చూసి, "తండ్రీ, మొగగుంటడు కాకండా సూడు," అంది.

అశ్విని వంగినది వంగినట్టే ఉండిపోయింది.

ఈ ఇంట్లో మగవాళ్లు ఎలా పోయారో ఆమెకి తెలీక కాదు. మామగారు నీలకంఠం, బావగారు సూర్యప్రకాష్, ఇద్దరూ కిడ్నీలు పాడై పోయారు. కవిటి చుట్టుపక్కల ఆ జబ్బు గడప తొక్కని ఇల్లు వెతికి పట్టుకోవాలి. టెక్కలిలో చుట్టాలందరూ వద్దన్నా తెలిసే చేసుకుంది త్రినాథ్‌ని. మెడలో పసుపుతాడుకి ఇంకా పసుపు పోలేదు. కానీ తెలియడం వేరు. తన కడుపులో, ఫోనులో చూస్తే జీడిపలుకంత కూడా ఉండదంటున్న దాని మీదికి ఆ సంగతి ఒక దండంలా వచ్చి వాలడం వేరు.

"నిలబడిపోయావేటి? కూకో," అంది రత్నాలమ్మ మామూలు గొంతుతో. టిన్ను నీళ్లు గ్లాసులో వంచి ఇచ్చింది. ఆ టిన్ను త్రినాథ్ కోసం తెప్పించే మంచినీళ్ల టిన్ను. తను మాత్రం, జబ్బు తెచ్చేవి అవేనని ఊరంతా అంటున్నా, బోరు నీళ్లే తాగుతుంది. ఎవరైనా అడిగితే, "నాకేటి, నాను ముసల్దాన్ని," అంటుంది. "తాగు. ఇకన నీకూ ఈ నీల్లే."

మధ్యాహ్నానికి వీధికంతా తెలిసింది. ప్రార్థన కూటం నడిపే ఝాన్సీలక్ష్మి అరటిపళ్లు పట్టుకుని వచ్చింది. మొగుడు పోయిన ఏడాది నుంచి రత్నాలమ్మ ఆ కూటానికి వెళుతోంది. ఇంట్లో దేవుడి గూడు గూడులాగే ఉంది, పండక్కి పసుపూ కుంకుమా పడతాయి. సాయంత్రమైతే మాత్రం బైబిలు ముందు కూచుంటుంది. ఒకదానికొకటి అడ్డమని ఆమెకి ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినే మనిషి కాదు.

"మా కూటంలో పద్ధతి ఉందమ్మా అశ్వినీ," అంది ఝాన్సీలక్ష్మి. "కడుపు పండిన ఇంట్లో బైబిలు మళ్లీ మొదటి పేజీ నుంచి ఎత్తుకోవాల. రోజూ పొద్దుగూకీ యేలకి ఒక అధ్యాయం. సదువొచ్చినోల్లు సదవాల, కడుపుతో ఉన్నోల్లు ఇనాల."

"రెండూ నేనే కదండీ," అంది అశ్విని. "నేనే చదువుకుని నేనే వింటాను."

"అయితే గట్టిగా సదువు. ఒక్క మాట వదలకూడదు, అది మాత్రం గుర్తెట్టుకో. ఇక్కడ వదిలిన మాట బిడ్డకి లోటు."

త్రినాథ్ కొబ్బరి లోడు ఎత్తించి ఎండలో వచ్చాడు. బండి స్టాండు వేస్తుండగానే అశ్విని గుమ్మంలోంచి చెప్పేసింది. అతను నూతి దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కున్నాడు. కడుక్కున్న చేతులే మళ్లీ కడుక్కున్నాడు. వచ్చి ఏమనాలో తెలీక, ఒక బొండం తీసి, కత్తితో మూతి చెక్కి ఆమె చేతికిచ్చాడు. అందులో నీళ్లు తీపో చప్పనో అశ్వినికి తెలియలేదు. అతను తన వంక చూస్తున్న చూపే సరిపోయింది. ఆ సాయంత్రం ఆమె మొదటి అధ్యాయం చదివింది. వెలుగు పుట్టింది, నీళ్లు విడిపోయాయి, చేపలూ పక్షులూ పుట్టాయి. ఏది పుట్టినా బాగుందనే అన్నాడు దేవుడు. రత్నాలమ్మ ఒలుస్తూనే వింది. అశ్విని మనసు మాత్రం ఒక్క మాట దగ్గరే తిరుగుతోంది. మొగగుంటడు కాకండా సూడు.

*

తెల్లారుజామున మెలకువ వచ్చేసరికి పక్కన త్రినాథ్ లేడు. ఉక్కకి వసారాలో మంచం వేసుకున్నట్టున్నాడు. అశ్విని చీర సర్దుకుంటూ గుమ్మం దాకా వచ్చి ఆగింది.

రత్నాలమ్మ కొడుకు మంచం పక్కన గొంతుక్కూచుని ఉంది. అతని లుంగీ అంచు కొంచెం పైకి జరిపి, బొటనవేలు చీలమండ పైన ఎముక మీద ఆనించి నొక్కింది. తీసింది. మొహం దగ్గరికి పెట్టి, ఆ మసక వెలుతురులో తను నొక్కిన చోటు చూసింది. గుంట పడి ఉండిపోతే నీరు చేరినట్టు, కిడ్నీలు దెబ్బతిన్నట్టు. ఆ సంగతి అశ్వినికి కాలేజీలో చెప్పలేదు, ఈ ఊరొచ్చాక ఆడవాళ్ల మాటల్లో తెలిసింది. ఇంకో కాలు కూడా నొక్కి చూసి, రత్నాలమ్మ లుంగీ కిందికి లాగి, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. కోడల్ని చూసింది. చీపురు తీసుకుని వాకిట్లోకి వెళ్లిపోయింది.

అశ్విని వచ్చి అదే చోట కూచుంది. తన వేలు ఎప్పుడు చాచిందో ఆమెకే తెలీదు. వెచ్చటి కాలు. నొక్కింది. తీసింది. గుంట పడింది, నిండిందా? వెంటనే నిండిందా, మెల్లగా నిండిందా? మెల్లగానంటే ఎంత మెల్లగా? మళ్లీ నొక్కబోయింది.

"సాలు," అన్నాడు త్రినాథ్ కళ్లు మూసుకునే. "నాకు సక్కిలిగిలి."

"మెలకువగా ఉన్నావా బావా?"

"రోజూ ఉంటాను. అమ్మ నొక్కీసి ఎల్లేదాకా నిద్రపోతన్నట్టు ఉంటాను. నాను లేసి ఉన్నానని తెలిస్తే పాపం సిగ్గుపడతాది."

అతని గొంతులో నవ్వు ఉంది. అశ్వినికి నవ్వు రాలేదు. "ఒక్కసారి పలాస వెళ్లి కిడ్నీలకి ఆ క్రియాటినిన్ టెస్టు చేయించుకుంటే పోదా? రోజూ ఈ నొక్కుళ్లెందుకు?"

త్రినాథ్ లేచి కూచున్నాడు. వాకిట్లో చీపురు చప్పుడు ఆగింది. అతను అటు చూసి, గొంతు తగ్గించాడు. "ఆ మాట ఈ ఇంట్లో ఎత్తకు. అన్నయ్యకి సూది గుచ్చి రత్తం తీసిన్నాడే మంచం పట్టినాడని అమ్మ లెక్క. అంతదాకా సెట్టెక్కి కొబ్బరి దింపు తీసీవోడు. నా సేత ఒట్టేయించుకుంది, ఆ సూదికి సెయ్యి సాపనని."

"నీ లెక్క ఏటి మరి?"

అతను కాళ్లు దగ్గరికి లాక్కుని లుంగీతో కప్పుకున్నాడు.

ఆ రోజే టెక్కలి నుంచి అశ్విని అమ్మ ఫోను చేసింది. సంగతి విని ఏడ్చింది, నవ్వింది, పుల్లటిది తినాలనుందా అని అడిగింది. ఆఖర్న, ఇంతసేపూ ఆ మాట కోసమే చేసినట్టు, "అబ్బాయికి చూపించారా?" అంది.

"ఏం చూపించాలి?"

"ఏం చూపించాలో నీకు తెలీదేటి? బీయస్సీ చదివింది నువ్వా నేనా? తండ్రికీ అన్నకీ వచ్చింది. పుట్టబోయేదానికి తండ్రి ఉండాలొద్దా?"

అశ్విని ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని పెరట్లోకి నడిచింది, ఆ గొంతు వసారాలోకి వినబడుతుందేమోనని. సాయంత్రం తోట అధ్యాయం చదివింది. పండే చెట్లు, పారే నదులు, మట్టితో చేసిన మనిషి. మామూలుగా అయితే ఆ నదుల పేర్లు పలకడమే ఆమెకి సరదాగా ఉండేది. ఇప్పుడు చదువుతున్నంతసేపూ తన బొటనవేలినే చూసుకుంది.

*

మర్నాడు త్రినాథ్ సొంత తోటలో దింపు. కూలీ ఒకడు రాలేదని అతనే చెట్టెక్కాడు. అశ్విని క్యారేజీ పట్టుకుని వెళ్లేసరికి సగం కాయ నేల మీద ఉంది. పాదాలకి తాడు ఉచ్చు తగిలించుకుని, చెట్టుని కావలించుకుని, కప్పలా ముడుచుకుంటూ సాగుతూ అతను ఎక్కడం చూడ్డమంటే ఆమెకి ఎంతో ఇష్టం. పెళ్లయిన కొత్తలో చప్పట్లు కొట్టి కూలీల చేత నవ్వించుకుంది. ఈసారి క్యారేజీ కింద పెట్టడం కూడా మరిచిపోయి చూస్తూ నిలబడింది. పైన మట్టల మధ్య కత్తి తళుక్కుమంది. గెల వచ్చి ఇసకలో దబ్బుమని పడింది. ఇంకోటి. తర్వాత కాసేపు ఏమీ పడలేదు. ఆకులు కదల్లేదు. ఆమె చెట్టు మొదట్లోకి రెండడుగులు వేసింది.

"ఓలమ్మా, మొగుడెగిరిపోడు, అలా సూడకు," అన్నాడు కాయలు పోగేస్తున్న అప్పలసూరి. అతను నీలకంఠం నాటి నుంచీ ఈ తోటలో పనిచేస్తున్న మనిషి.

త్రినాథ్ దిగాడు. చొక్కా వీపుకి అతుక్కుని ఉంది. నీళ్ల సీసా దించకుండా తాగి, జేబులోంచి ఒక మాత్ర తీసి నోట్లో వేసుకున్నాడు.

"ఏటది?"

"నొప్పి మాత్ర. దింపు రోజు అందరం ఏసుకుంటాం. లేపోతే రేపు నడుం లెగదు."

ఆమె చెయ్యి చాపితే అట్ట ఇచ్చాడు. సగం ఖాళీ. ఆ పేరు ఆమె చదువుకున్నదే. కిడ్నీ సరిగ్గా లేనివాళ్లు వీటి జోలికి పోకూడదని కాలేజీలో మేడం బల్ల మీద కొట్టి చెప్పిన మాట, బల్ల చప్పుడుతో సహా గుర్తొచ్చింది.

"బావా, ఇవే కిడ్నీలని పాడుచేస్తాయి. జబ్బు ఉన్నవాళ్లని ముంచుతాయి, లేనివాళ్లకి తెచ్చిపెడతాయి. ఎవరిచ్చారు?"

"కొట్లో దొరుకుతాయి. అమ్మే తెచ్చి జేబులో పెడతాది." అతను చెమట తుడుచుకున్నాడు. "ఆసుపత్రికెల్లకండా మాత్రతో నొప్పి పోతే మేలు కదేటని."

అశ్విని ఇసకలోనే కూలబడింది. క్యారేజీ విప్పింది, మళ్లీ మూసింది. సూదికి భయపడి కొడుకుని దాచుకున్న తల్లి, ఆ చేత్తోనే వీటిని తెచ్చి పెడుతోంది. ఈ మాట ఆమెకి చెప్పడమెలా? చెప్పకుండా ఉండడమెలా?

"నీకు భయం లేదా?" అని అడిగింది.

త్రినాథ్ ఒక కొబ్బరికాయని కాలితో దొర్లించాడు. "ఉందే. రిపోర్టు కాయితం మీద ఒక అంకె ఏసి ఇస్తారు. ఆ అంకె వచ్చినాక అన్నయ్యని ఎవుడూ మనిషిలా సూడలేదు. కూలికి పిలవలేదు. పుట్టింటోల్లొచ్చి వదిన్ని తీసుకుపోనారు. నువ్వు కూడా ఆ అంకెనే సూత్తావు నా మొకంలో."

"ఇప్పుడు రోజూ నీ కాళ్లు చూస్తున్నాను. అది బాగుందా?"

అతను ఇసకలో వేలితో గీతలు గీశాడు, చెరిపాడు. "అమ్మని ఒప్పించు," అన్నాడు చివరికి. "ఆ ఒట్టు ఆమే తియ్యాల. ఒట్టు తప్పి నాను ఎల్లినానంటే, రేపు నాకేటైనా తనవల్లే అనుకుంటాది."

ఆ సాయంత్రం చదివింది పాము అధ్యాయం. నొప్పితో కంటావని ఆడదానికి చెప్పిన చోట ఆమె పేజీ మీద వేలు పెట్టి ఆగింది. "దానికేటి, అది అందరం పడ్డదే," అంది రత్నాలమ్మ, పొట్టు ఊదుతూ. "కన్నాక వొచ్చీ నొప్పి మాట రాయలేదు సూడు, అక్కడ."

*

నాలుగో రోజు పొద్దున్న, త్రినాథ్ బండి వీధి మలుపు తిరిగాక, అశ్విని అత్త ఎదురుగా గోనె మీద కూచుంది. ఒక కత్తి తీసుకుని తనూ ఒలవడం మొదలెట్టింది. మొదటి పలుకు ముక్కలైంది.

"బద్దలు సెయ్యకు, ఫ్యాట్రీవోడు కూలి కోస్తాడు," అంది రత్నాలమ్మ.

"అత్తా, ఆ నొప్పి మాత్రలు బావకి ఇవ్వకండి."

"ఏం?"

"అవి కిడ్నీకి మంచివి కావు. నేను చదివాను."

రత్నాలమ్మ చేతిలో కత్తి ఆగలేదు. ఒక గుండు, ఇంకో గుండు పళ్లెంలో పడ్డాయి. తర్వాత ఒక బద్ద. ఆమె దాన్ని చూసుకుని, బద్దల పళ్లెంలోకి తోసింది.

"సదివినావు. నీ పెద్ద బావగారికి రిపోర్టు సదివినోల్లూ సదువుకున్నోల్లే. సదివినాక ఏటి సేసినారు? సూదులే. అడ్డగోలుగా సూదులు. నా సెయ్యి పట్టుకుని, అమా సాలని ఏడిసినాడు. నొప్పి మాత్ర ఎవుల్నీ సంపలేదు నా ఇంట్లో. సూదే సంపింది."

"సూది చంపలేదత్తా. ఆలస్యంగా గుచ్చారు. ముందే గుచ్చి ఉంటే..."

"ముందే అంటే, నాను ఆలిస్సెం సేసినానా?"

అశ్విని నాలుక కరుచుకుంది. రత్నాలమ్మ మొహంలో కోపం లేదు. దాని కంటే ఘోరమైనదేదో ఉంది. ఆ ప్రశ్న ఆమె ఎన్నాళ్లనుంచో తనని తాను అడుగుతున్నదే అయి ఉండాలి.

"కడుపుతో ఉన్నావు, నిన్నేటీ అనను," అంది చివరికి. "ఆ టెస్టు మాట ఇంకోపాలి ఎత్తితే మాత్రం నిన్ను నీ పుట్టింట్లో దింపీసి రమ్మంటాను నా కొడుకుని. ఎల్లు, లోపలికెల్లు."

సాయంత్రం ఇద్దరన్నదమ్ముల అధ్యాయం. పెద్దవాడు చిన్నవాణ్ని పొలంలో చంపాడు. నెత్తురు నేలలోంచి కేక పెట్టింది. అశ్విని మెల్లగా, తడబడుతూ చదివింది. రత్నాలమ్మ ఒలవడం మానేసి వింది. అయిపోగానే, "ఆళ్లమ్మ ఏటి సేసింది?" అని అడిగింది.

"ఎవరమ్మ?"

"ఆ సచ్చిపోయిన గుంటడి అమ్మ. ఆవిడ మాట ఏటి రాసినారు?"

అశ్విని పేజీ వెతికింది. "ఏడ్చినట్టు రాయలేదత్తా. తర్వాత ఇంకో కొడుకుని కన్నదని ఉంది. పోయినవాడికి బదులు దేవుడిచ్చాడని, షేతని పేరు పెట్టిందట."

రత్నాలమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది. అన్నం తినలేదు. పెట్టె మూత తీసిన చప్పుడు, చాలాసేపటికి మళ్లీ వేసిన చప్పుడు వినబడ్డాయి. ఆ పెట్టెలో అడుగున మామగారి ఫొటో, బావగారి ఫొటో బోర్లించి ఉంటాయని అశ్వినికి తెలుసు. గోడ మీద వాటి మేకులు మాత్రం ఉన్నాయి. ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటినుంచి ఆ ఇద్దరి పేర్లూ అత్త నోట ఆమె వినలేదు. ఆయన, పెద్దోడు. అంతే. పేరెత్తితే ఆ రోగం తలుపు తట్టినట్టు.

*

ఐదో సాయంత్రం అశ్విని ముందే అధ్యాయం తెరిచి చూసుకుని, పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూచుండిపోయింది. కథ లేదు. అన్నీ పేర్లు. పలానావాడు ఇన్నేళ్లు బతికి పలానావాణ్ని కన్నాడు, తర్వాత కొడుకుల్నీ కూతుళ్లనీ కన్నాడు, చనిపోయాడు. మళ్లీ అతని కొడుకు, మళ్లీ అదే. తండ్రి చనిపోయాడు, కొడుకు చనిపోయాడు, మనవడు చనిపోయాడు. నిన్నటి రాత్రి తర్వాత ఈ ఇంట్లో, ఈ మనిషి ముందు ఇది చదవాలి.

త్రినాథ్ ఆ రోజు తొందరగా వచ్చాడు. వసారా మెట్టు మీద కూచుని, దింపు తాడు అరిగిన చోట పీచు చుట్టి పురి వేస్తున్నాడు. రత్నాలమ్మ పళ్లేలు పక్కకి జరిపి, గోడకి చేరబడి, "సదువు," అంది. నిన్నటి నుంచీ కోడలితో ఆమె అన్న మొదటి మాట అది.

అశ్విని మొదలెట్టింది. దేవుడు మనుషుల్ని చేశాడు, ఆడా మగా చేశాడు, దీవించాడు, పేరు పెట్టాడు. ఆదాము బతికాడు. షేతుని కన్నాడు. కొడుకుల్నీ కూతుళ్లనీ కన్నాడు. అక్కడ ఆమె ఒక మాట దాటేసి కింది వరసలోకి దూకింది. షేతు బతికాడు. ఎనోషుని కన్నాడు. కొడుకుల్నీ కూతుళ్లనీ కన్నాడు. మళ్లీ దూకింది. ఎనోషు, కేయినాను, మహలలేలు. పేర్లు నోరు తిరగడం లేదు, అయినా ఆగకుండా పరుగెత్తింది. ఝాన్సీలక్ష్మి చెప్పిన లోటు మాట గుర్తొచ్చింది. తండ్రీ ఈ ఒక్క మాటకీ నా బిడ్డకి లోటు చెయ్యకు, ఇది ఆవిడ కోసం, అనుకుంటూ చదివింది.

"ఆగు," అంది రత్నాలమ్మ. "ఆళ్లందరూ ఇంకా బతికే ఉన్నారేటి?"

త్రినాథ్ చేతిలో పురి ఆగింది.

"ఇన్నిన్ని వొందలేళ్లు బతికి, పిల్లల్ని కని, ఒక్కడూ పోలేదా? ఎక్కడున్నారు మరి, కవిటిలోనా? ఉన్నది ఉన్నట్టు సదువు."

అశ్విని వేలు వెనక్కి తెచ్చి, మళ్లీ ఆదాము దగ్గరికి వెళ్లింది. ఈసారి దాటలేదు. చనిపోయాడు. చనిపోయాడు. రత్నాలమ్మ ప్రతిసారీ తల ఊపింది, చావింట్లో పరామర్శకి వచ్చినవాళ్ల ముందు ఊపినట్టు. హనోకు దగ్గర అశ్విని ఒక్కసారిగా మెడ ఎత్తింది. "అత్తా, ఈయన చావలేదు. అందరిలాగా రాయలేదు. దేవుడితో నడిచాడట, దేవుడు తీసుకుపోయాడు, మరి కనబడలేదట."

ఆమె ఆ పేరుని రెండు చేతులా పట్టుకున్నట్టే అంది. అందరిలో ఒక్కడు. ఒక్కడైనా.

"ఆసుపత్రి గుమ్మం కాడ మనకీ అలాగే సెప్పినారు," అంది రత్నాలమ్మ. "దేవుడు తీసుకెల్లిపోనాడమ్మా అని. సదువు, ముందుకెల్లు."

మెతూషెల, లెమెకు. నోవహు దగ్గర అధ్యాయం అయిపోయింది. అశ్విని పుస్తకం మూయబోతే రత్నాలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "మొదటి మాట మళ్లీ సదువు. పేర్లు మొదలవకముందు ఏటో అన్నావు."

అశ్విని చదివింది. చేశాడు. దీవించాడు. పేరు పెట్టాడు.

"దీవెన ముందే పెట్టీసినాడన్నమాట," అంది రత్నాలమ్మ. తనలో తను లెక్క చూసుకుంటున్నట్టు మెల్లగా మాట్లాడింది. "ఆ తరవాతే సావులు. ఇందాకట్నుంచి ఇంటన్నాను, ఈల్లేటి సేసినారా అని. ఒక్కడూ రాజు కాదు. ఒక్కడూ యుద్దం సెయ్యలేదు. పుట్టినారు, కన్నారు, పోనారు. ఏటీ సెయ్యనోల్ల పేర్లు కూడా ఒక్కటి వదలకండా రాసిపెట్టినాడు. పోనారని పేరు కొట్టీలేదు."

వీధిలో ఎవరిదో ఆటో వెళ్లింది. రత్నాలమ్మ ఒళ్లో చేతులు పెట్టుకుని, ఇప్పటిదాకా విన్న వరసలోనే, అదే సాగదీతతో, ఎవరికో ఒప్పజెబుతున్నట్టు అంది.

"నీలకంఠం బతికినాడు. సూర్యప్రకాష్‌ని కన్నాడు, త్రినాథుని కన్నాడు. నీలకంఠం సచ్చిపోనాడు."

మెట్టు మీద త్రినాథ్ తల దించుకున్నాడు.

"సూర్యప్రకాష్ బతికినాడు. సెట్లెక్కినాడు. పెళ్లాన్ని బాగా సూసుకున్నాడు. సచ్చిపోనాడు."

అశ్విని చెయ్యి తనకి తెలీకుండానే పొట్ట మీదికి వెళ్లింది. తర్వాత వచ్చే పేరు ఏదో ముగ్గురికీ తెలుసు. ఆ పేరు వెనక ఏ మాట వస్తుందోనని ఆమె ఒళ్లంతా చెవులు చేసుకుని భయపడింది.

"త్రినాథ్," అంది రత్నాలమ్మ. ఆగింది. కొడుకు వీపు వంక చాలాసేపు చూసింది. "త్రినాథ్ బతుకుతన్నాడు. కంటన్నాడు."

అంతే. వరస అక్కడ ఆపేసింది. కొంగుతో మొహం తుడుచుకుని, పళ్లేలు ముందుకి లాక్కుంది. కత్తి తీసుకుంది కానీ ఒలవలేదు.

"ఓరే," అంది.

"ఏటమా."

"నీ సేత ఏయించుకున్న ఒట్టు తీసీసినాను."

త్రినాథ్ వెనక్కి తిరిగాడు. తాడు అతని ఒళ్లోంచి జారి మెట్టు కింద పడింది. మొహంలో సంతోషం లేదు, భయం ఉంది. ఇంతకాలం అమ్మ ఒట్టు చాటున దాక్కున్న భయం, ఇప్పుడు చాటు లేక బయటికి వచ్చి నిలబడింది. "అమా, రిపోర్టులో ఏదైనా..."

"ఉంటే ఉంటాది. నాను రోజూ పొద్దున్నే లేసి నీ కాళ్లు నొక్కుతున్నాను. అదేటి బతుకా? నాకు తెలుసు నువ్వు లేసే ఉంటావని. నిద్రపోయినోడి కాలు అలా బిగుసుకోదు." ఆమె అశ్విని వైపు తిరిగింది. "ఆ మాత్రలు కూడా సంచిలో ఎయ్యి. ఇంట్లో ఉన్నవీ, ఆడి జేబులో ఉన్నవీ. డాట్రు సూసి ఏటంటే అది."

అశ్వినికి ఏడుపు వచ్చింది, నవ్వూ వచ్చింది. భయం మాత్రం ఎక్కడికీ పోలేదు, ఇంకా పెరిగింది. ఇవాళ్టి దాకా లేని అంకె ఒకటి రేపటికి ఉంటుంది. కానీ ఇప్పుడది ముగ్గురి మధ్యా ఉంది, ఎవరి బొటనవేలి కిందా దాక్కుని లేదు. పుస్తకాన్ని గుండెకి ఆనించుకుని, "ఎప్పుడెళ్దాం అత్తా?" అంది.

"రేపే. పొద్దున్న మొదటి బస్సుకి పలాస. ముగ్గురం." రత్నాలమ్మ రవిక చెయ్యి పైకి లాక్కుని, మోచేతి మడతలో సన్నటి నరం ఒకసారి చూసుకుంది. "ముందు నాను సెయ్యి సాపుతాను. ఇన్నాల్లూ ఆ బోరు నీల్లు తాగింది నానే కదా. నాకు గుచ్చినాక ఆడికి గుచ్చమను. పరగడుపున రమ్మంటారేమో, మేమిద్దరం ఏటీ తినం. నువ్వు మాత్రం పెందలాడే లేసి, కడుపు నిండా తిని బయల్దేరు."